కొనేవాళ్లు ఐఎస్ఓ 14001 అడుగుతున్నారు, ఏజెంటు నాలుగు రోజుల్లో తెచ్చిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

కొత్తవాడ_మగ్గం

అందరికీ నమస్కారం. మాది వరంగల్ కొత్తవాడ. షతరంజీలు (జంపఖానాలు), బాత్‌మ్యాట్లు నేయిస్తాం. మా షెడ్డులో 11 మగ్గాలున్నాయి, ఇంకో 17 కుటుంబాలు ఇళ్లలో నేసి ఇస్తాయి. నూలు మేమే కొని పెరట్లో రంగు అద్ది అందరికీ పంచుతాం. ఆరేళ్లుగా ఒక ఎగుమతి సంస్థకు సరుకు పోతోంది, మా అమ్మకాల్లో సగానికి పైగా వాళ్లవే.

పోయిన వారం వాళ్ల దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. 84 ప్రశ్నలు. రంగులు ఎవరివి, రంగు నీళ్లు ఎటు పోతున్నాయి, నూలు ఏ మిల్లుది, ఆ మిల్లుకు పత్తి ఎక్కడిది, ఇళ్లలో నేసేవాళ్ల పేర్లు, వయసు, కూలి. చివర్లో పర్యావరణానికి సంబంధించిన ఐఎస్ఓ 14001 సర్టిఫికెట్, పనివాళ్ల పరిస్థితులు తనిఖీ చేసే సోషల్ ఆడిట్ రిపోర్టు 60 రోజుల్లో పంపాలని రాశారు. వాళ్లు జర్మనీకి అమ్ముతారట, అక్కడ అడుగుతున్నారట.

నాకు తెలిసినాయన ఒకరు ఏజెంటు నంబరు ఇచ్చారు. ఫోన్ చేస్తే 22 వేలు, నాలుగు రోజులు, ఎవరూ రానక్కర్లేదు, ఆధార్, జీఎస్టీ పంపితే చాలన్నాడు. మా ఆవిడ వద్దంటోంది. నాకేమో ఆర్డరు పోతుందని రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఆడిట్_డైరీ

తమ్మీ, మీ ఆవిడ మాట విను. నేను హన్మకొండ వాణ్ణే, పద్నాలుగేళ్లుగా ఆడిట్లు చేస్తున్నాను.

ముందు ఒక విషయం చాలామందికి తెలియదు. ఐఎస్ఓ సంస్థ ప్రమాణం రాస్తుందే గానీ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఇచ్చేవి వేరే సంస్థలు. ఆ సంస్థలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసేందుకు ఇంకో మండలి ఉంటుంది, మన దేశంలో అది క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉన్న ఎన్ఏబీసీబీ. ఏజెంటు చూపించే కాగితం మీద అలాంటి గుర్తింపు మండలి ముద్ర ఉందా, ఆ సంస్థకు పర్యావరణ ఆడిట్లు చేసే గుర్తింపు ఉందా చూడు. నాలుగు రోజుల కాగితాల మీద గుండ్రటి బంగారు ముద్రలు బోలెడు ఉంటాయి గానీ ఈ ఒక్కటీ ఉండదు. కొనేవాళ్లు ఆన్‌లైన్‌లో వెతికితే రెండు నిమిషాల్లో దొరికిపోతావు. అప్పుడు పోయేది ఒక్క ఆర్డరు కాదు, ఆరేళ్ల నమ్మకం.

అసలు ఆడిట్ రెండు దశల్లో జరుగుతుంది. మొదట నీ కాగితాలు, నీ సిద్ధత చూస్తారు. తర్వాత మనిషి వచ్చి పని జరిగే చోట నిలబడి చూస్తాడు. సర్టిఫికెట్ మూడేళ్లు ఉంటుంది, మధ్యలో ఏటా ఒకసారి వచ్చి చూసి పోతారు.

ఇంకొకటి. 14001 అంటే "నీ నీళ్లలో ఇంతకు మించి రంగు ఉండొద్దు" అని అంకె చెప్పే ప్రమాణం కాదు. నీ పని వల్ల నేలకు, నీటికి, గాలికి ఏం జరుగుతోందో నువ్వే గుర్తించు, నీకు వర్తించే చట్టాలు తెలుసుకుని పాటించు, ఏటేటా తగ్గించుకుంటూ పో, అది రాసి పెట్టు అంటుంది. అంకెలు కాలుష్య నియంత్రణ మండలి చెబుతుంది. కాబట్టి అసలు ప్రశ్న నీ పెరట్లోనే ఉంది. రంగు నీళ్లు ఎటు పోతున్నాయి?

కొత్తవాడ_మగ్గం

దాచేదేముంది అన్నా, మోరీలోకే. మా నాన్న కాలం నుంచి అంతే. మా వీధి మోరీ చూస్తే ఆ రోజు ఎవరింట్లో ఏ రంగు అద్దారో చెప్పొచ్చు.

లెక్కల_పుస్తకం

దీనికి తేలిక దారి ఉంది కదా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో అద్దకం, బ్లీచింగ్ లేని చేనేత, తివాచీ నేత వైట్ కేటగిరీ, అంటే కాలుష్యం దాదాపు లేనిది. అద్దకం ఉంటే రెడ్, అంటే ఎక్కువ కాలుష్యం ఉన్నది. అద్దకం వేరేవాళ్లకు ఇచ్చేసి రంగు నూలు కొనుక్కోండి, సర్టిఫికెట్ పరిధిలో, అంటే అది ఏ పనులకు వర్తిస్తుందో రాసే చోట, నేత మాత్రమే రాయించండి. ఖర్చు సగం అవుతుంది.

గీసుకొండ_షిఫ్ట్

లెక్కల సార్, మన్నించాలి, ఇది నాకు నచ్చలేదు. మోరీ మారుతుంది అంతే కదా, నీళ్లు అవే కదా. పక్క వీధివాళ్ల దగ్గర అద్దిస్తే పక్క వీధి మోరీలో పోతాయి. కాగితం మీద కొత్తవాడ అన్న శుభ్రం అవుతాడు.

నేను కుట్టు లైన్‌లో చేస్తాను. గీసుకొండ వైపు రాకముందు వేరే ఊళ్లో ఒక ఫ్యాక్టరీలో చేశాను, పేరు చెప్పను. అక్కడ సోషల్ ఆడిట్ అంటే ముందురోజే మాకు తెలిసేది. పొద్దున్నే మాస్కులు, చేతి తొడుగులు పంచేవాళ్లు, సాయంత్రం లెక్కపెట్టి తీసుకునేవాళ్లు. వెనక తలుపుకు రోజూ తాళం ఉండేది, బట్ట దొంగతనం పోతుందని. ఆ ఒక్కరోజు తాళం తీసి, తలుపు ముందున్న బస్తాలు జరిపి, నేల మీద పసుపు గీతలు కొత్తగా వేసేవాళ్లు. ఇంకా ఆరని ఆ పెయింటు నా చెప్పుకు అంటింది, ఆ మరక పోనేలేదు. ఓవర్‌టైమ్ ఎంత అని అడిగితే ఏం చెప్పాలో సూపర్‌వైజర్ నేర్పించాడు. ఆడిటర్ మేడం మమ్మల్ని అడిగింది కూడా ఆయన ముందే. ఏం చెబుతాం?

కాగితం గోడకెక్కింది. మర్నాడు తాళం మళ్లీ పడింది.

ఆడిట్_డైరీ

చెల్లీ, నువ్వు చెప్పింది మా వృత్తిలో అందరికీ తెలిసిన గాయం. 2012 సెప్టెంబరు 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప కడ్డీలు, తలుపులకు తాళాలు. ఆ ఫ్యాక్టరీకి కార్మికుల భద్రత, హక్కులు చూసే ఎస్ఏ8000 సర్టిఫికెట్ వచ్చి అప్పటికి కొన్ని వారాలే. మా శిక్షణల్లో నేను ఇది చెప్పకుండా ఉండను. కాగితం అబద్ధమైతే దాన్ని నమ్మి లోపల కూర్చున్నవాళ్లు చస్తారు.

మంచి ఆడిటర్ అయితే కార్మికులతో విడిగా, యాజమాన్యం లేని చోట మాట్లాడాలి. చెప్పకుండా కూడా రావాలి. మళ్లీ ఎప్పుడైనా ఆడిట్‌కు పిలిస్తే "సార్ లేకుండా మాట్లాడతాం" అని అడగండి.

పరిధి గురించి కూడా నువ్వన్నదే సరైనది. పరిధి చిన్నగా రాయించడం నేరం కాదు, కానీ పెరట్లో అద్దకం నడుస్తుండగా దాన్ని వదిలేసి నేతకు మాత్రమే రాయిస్తే ఆడిటర్ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు. బయట చేయించినా ఆ పని మీద నీకెంత పట్టు ఉంది, ఏం నిబంధన పెట్టావు అని ప్రమాణమే అడుగుతుంది.

పరకాల_పత్తి

నేను నాలుగు ఎకరాల పత్తి రైతును. నూలుకు పత్తి ఎక్కడిది అని అడిగారన్నారు కదా, అది చదివి నవ్వు కాదు, కొంచెం ఆశే పుట్టింది. మా దాకా ఎవరైనా వచ్చి అడుగుతారా అని.

మా పత్తి ఏరేది ఆడవాళ్లు. కిలోకు ఇంత అని కూలి. మంచు తడి ఆరకముందే చేలో దిగుతారు, నడుముకు కట్టుకున్న ఒడి నిండితే కుప్ప దగ్గర పోసి మళ్లీ పోతారు, సాయంత్రానికి వేళ్ల కొనలు కాయ ముళ్లకు చీరుకుపోతాయి. మందు కొట్టే పిల్లగాడికి ముక్కుకు తువ్వాలే మాస్కు. ఈ రెండూ ఆ 84 ప్రశ్నల్లో ఉన్నాయా అన్నా? ఉంటే మంచిదే. కానీ జవాబుకు ఖర్చు ఎవరిది? మార్కెట్‌కు పోతే తేమ 12 శాతం దాటిందని సీసీఐ (కేంద్రం పత్తి కొనుగోలు సంస్థ) తీసుకోదు, 8 దాటిన ప్రతి శాతానికీ కోత. మాస్కు కొన్నావా అని క్వింటాలు మీద పది రూపాయలు ఎక్కువ ఇచ్చినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు.

జిన్నింగ్_కాంటా

జమ్మికుంట దగ్గర జిన్నింగ్ మిల్లులో కాంటా మీద ఉంటాను. పత్తి ఎక్కడిదో తెలుసుకోవడం ఎందుకు కష్టమో ఉన్నది ఉన్నట్టు చెబుతా.

సీజన్‌లో రోజుకు నలభై, యాభై ట్రాలీలు వస్తాయి. కాంటా అయ్యాక అన్నీ ఒకే కుప్ప మీద పడతాయి. పరకాల పత్తి, హుజూరాబాద్ పత్తి, అడ్తిదారు కొని తెచ్చిన ఊరు పేరు లేని పత్తి, అంతా ఒకటే తెల్లగుట్ట. క్వింటాలుకు దూది 33, 34 కిలోలు దిగుతుంది, 170 కిలోల బేలు కడతాం, బేలు మీద నంబరు వేస్తాం. ఆ నంబరు మా మిల్లు దాకే. అక్కడి నుంచి స్పిన్నింగ్ మిల్లుకు పోతే ఇంకో పది ఊళ్ల బేళ్లతో కలుస్తుంది. మన పత్తే గుంటూరో కోయంబత్తూరో పోయి నూలై తిరిగి కొత్తవాడకు వస్తుందేమో, ఎవరు చెప్పగలరు?

పత్తిని మంచి పద్ధతుల్లో పండించేలా చూసే బెటర్ కాటన్ లాంటి కార్యక్రమాల్లో చాలాకాలం "మాస్ బ్యాలెన్స్" పద్ధతే నడిచింది. అంటే ఎంత మంచి పత్తి కొన్నారో అంత లెక్క మాత్రం గొలుసులో ముందుకు పోతుంది, సరుకు మాత్రం కలిసిపోవచ్చు. 2023 నుంచి సరుకునే విడిగా పెట్టి జాడ చూపే పద్ధతి కూడా తెచ్చారు. మిల్లులో అలా చేయాలంటే వేరే కుప్ప, వేరే షిఫ్టు, మధ్యలో రోలర్లన్నీ శుభ్రం చేయడం. మా సేటు ఒక సీజన్ చేసి చూశాడు. అదనంగా వచ్చిన ధర ఆ శుభ్రం చేసే కూలికే పోయింది.

సేంద్రియ పత్తి సంగతి ఇంకా బాధ. 2020లో సేంద్రియ బట్టలకు ప్రమాణం రాసే గాట్స్ వాళ్లే బయటపెట్టారు, మన దేశంలో 20,000 టన్నుల పత్తికి దొంగ కాగితాలు పుట్టించి సేంద్రియం అని చూపించారు. 11 కంపెనీలను నిషేధించారు. నిజంగా మందు కొట్టకుండా పండించిన రైతు ముఖం ఎలా ఉంటుంది ఆ వార్త చదివితే? కొత్తవాడ అన్నా, ఆ నాలుగు రోజుల కాగితం కొంటే నువ్వు కూడా అదే చేసినట్టు. కోపం చేసుకోకు, నా మనసులో మాట చెప్పాను.

కొత్తవాడ_మగ్గం

కోపం ఏం లేదన్నా. ఏజెంటుకు వద్దని చెప్పేశాను నిన్ననే.

ఇంకో భయం ఉంది. ఇళ్లలో నేసేవాళ్ల పేర్లు ఇవ్వమన్నారు. కొందరి ఇళ్లలో బడి నుంచి వచ్చాక పిల్లలు ఊసలు చుడతారు, కండెలు అందిస్తారు. అది రాస్తే బాల కార్మికులు అంటారు. రాయకపోతే అబద్ధం. అసలు ఇళ్లలో నేయించడమే తీసేయమంటారేమో. ఆ 17 కుటుంబాల్లో ఎనిమిది ఇళ్లు నడిపేది ఆడవాళ్లే. వాళ్లకు షెడ్డుకు వచ్చే వీలు లేదు.

ఆడిట్_డైరీ

పేర్లు ఇవ్వు తమ్మీ. దాచినదాని గురించే ఆడిటర్‌కు అనుమానం. 2016 సవరణ తర్వాత మన చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలు ఏ పనిలోనూ ఉండకూడదు, నీకు వర్తించే మినహాయింపు ఒకటే – సొంత కుటుంబం పనిలో, బడి అయ్యాక, ప్రమాదం లేని పని అయితే సాయం చేయొచ్చు. కానీ కొనేవాళ్ల నియమావళి చట్టం కంటే గట్టిగా ఉండొచ్చు. కాబట్టి వాళ్ల ఆర్డరు నేసే రోజుల్లో పిల్లలు మగ్గం దగ్గరికి రాకూడదని నువ్వే చెప్పు. బడికి పోతున్నారా అని నెలకోసారి అడిగి నోటుబుక్కులో రాయి. రంగు గాబుల దగ్గరికి మాత్రం ఎప్పుడూ రానివ్వొద్దు. కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైట్ పిల్లల మధ్య ఉంచే వస్తువులు కావు.

ఇంటి మగ్గాలు ఉంటే సర్టిఫికెట్ రాదనేది అపోహ. తివాచీల్లో బాల కార్మికులు లేకుండా చూసే గుడ్‌వీవ్ ఉంది, 1994లో కైలాశ్ సత్యార్థి చొరవతో రగ్‌మార్క్ పేరుతో మొదలైంది. వాళ్లు ఇళ్లలోని మగ్గాల దాకా వెళ్లి చూస్తారు. ఇంట్లో నేత ఉండటం తప్పు కాదు, లేనట్టు చూపడమే తప్పు.

జర్మనీ ఎందుకు అడుగుతోందో కూడా చెబుతా. అక్కడ సరఫరా గొలుసు బాధ్యత చట్టం 2023 జనవరి 1న అమల్లోకి వచ్చింది, మొదట 3,000 మంది ఉద్యోగులున్న కంపెనీలకు, 2024 నుంచి 1,000 మంది ఉన్నవాటికి. సమస్య కనిపించగానే సరఫరాదారుణ్ణి వదిలించుకోమని ఆ చట్టం చెప్పదు. ముందు సరిదిద్దే ప్రయత్నం చేయాలి, తెంచుకోవడం చివరి దారి. ఈ మాట నీ జవాబులో వినయంగా రాయి.

లెక్కల_పుస్తకం

గీసుకొండ అక్కా, నిన్న నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా. ఖర్చు ఒక్కటే చూశాను, మోరీ చూడలేదు.

డబ్బు సంగతి నాకు వదిలేయండి. కొత్తవాడ అన్నా, మూడు ప్రశ్నలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉందా? ఎవరి పేరు మీద? ఆ ఎగుమతి సంస్థవాళ్లు మీకు ఎన్ని రోజులకు డబ్బులిస్తున్నారు?

కొత్తవాడ_మగ్గం

ఉంది. మా ఆవిడ పేరు మీద. డబ్బులు 110, 120 రోజులకు. పోయినసారి 140.

లెక్కల_పుస్తకం

చూశారా, అసలు లొసుగు ఇక్కడుంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో, గడువులోగా మీకు చెల్లించకపోతే ఆ ఖర్చును వాళ్లు ఆ ఏడాది లెక్కలో తీసివేసుకోలేరు, ఇచ్చిన ఏడాదే తీసుకోవాలి. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేసే వీలూ ఉంది. ముందే ఫిర్యాదు వద్దు, కానీ ఈ సంగతి మీకు తెలుసని వాళ్లకు తెలియాలి.

మీ ఇంటావిడ పేరు మీద ఉండటం అదృష్టం. లోపాలు, కాలుష్యం లేని తయారీ కోసం కేంద్రం పెట్టిన జెడ్ సర్టిఫికెట్ పథకంలో మొదటి మెట్టు బ్రాంజ్ ఫీజు 10,000, సూక్ష్మ యూనిట్లకు 80 శాతం రాయితీ, మహిళల పేరు మీదున్న వాటికి మొత్తం రాయితీ. ఇది 14001కు బదులు కాదు, కానీ నాణ్యత, భద్రత, లెక్కలు రాసే అలవాటు దానితో మొదలవుతుంది. చెప్పుకోడానికి చేతిలో నిజమైన కాగితం ఒకటి ఉంటుంది.

పరకాల_పత్తి

నాలుగు నెలలకు డబ్బులిచ్చేవాళ్లు కూలి సమయానికి ఇస్తున్నావా అని అడుగుతున్నారన్నమాట. ఆ ప్రశ్న పక్కనే వాళ్లు ఇచ్చిన తేదీలు రాయన్నా.

ఆడిట్_డైరీ

రాయి, తప్పకుండా రాయి. బాధ్యత గల సరఫరా గొలుసు అంటే కింది మెట్టు మీదున్నవాడికి పరీక్ష పెట్టడం ఒక్కటే కాదు. ధర, గడువు, చెల్లింపు – ఈ మూడూ పైవాడి చేతుల్లో ఉంటాయి. రాత్రికి రాత్రి ఆర్డరు మార్చి, డెలివరీ తేదీ మాత్రం మార్చకపోతే కింద ఓవర్‌టైమ్ కాక ఇంకేం జరుగుతుంది?

ఇప్పుడు పెరడు. మూడు రోజులు నీళ్లు కొలిచి చెప్పు. మీటరు అక్కర్లేదు, బకెట్లు లెక్కపెట్టు.

కొత్తవాడ_మగ్గం

కొలిచాం అన్నా. మా పెద్దబ్బాయి గోడ మీద బొగ్గుతో గీతలు గీశాడు. 15 లీటర్ల బకెట్, రోజుకు దగ్గరదగ్గర 60 బకెట్లు, అంటే 900 లీటర్లు. నూలు 12 కిలోలే. నేను 300 లీటర్లు అనుకుంటున్నా ఇన్నాళ్లూ. ఎక్కువ పోయేది అద్దడంలో కాదు, జాడించడంలో. నాలుగుసార్లు జాడిస్తాం, నాలుగో నీళ్లు దాదాపు తేటగానే ఉంటాయి, అవీ పారబోస్తున్నాం.

ఇంకోటి కూడా బయటపడింది. మేం కొనే రంగుల్లో మూడు పొట్లాల మీద పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. షాపాయన డబ్బాలోంచి తూచి కాగితంలో కట్టి ఇస్తాడు.

ఆడిట్_డైరీ

శభాష్. ప్రమాణంలో సగం ఇదే, తమ్మీ.

నాలుగో జాడింపు నీళ్లు మర్నాటి మొదటి జాడింపుకు వాడు. లేత రంగులు ముందు, ముదురు రంగులు తర్వాత అద్దు. మిగిలిన నీళ్లకు పటిక, సున్నం వేసి ఆపితే రంగు కొంత అడుగుకు దిగుతుంది, ఆ బురదను విడిగా తీయాలి, మోరీలో పడేయొద్దు. అయితే ఉప్పు దిగదు. రంగు పట్టడానికి నువ్వు వేసే ఉప్పంతా నీళ్లలోనే ఉంటుంది. ఎండకు ఆరబెడదామంటే బాగా ఎండ కాసే రోజున కూడా 5 మిల్లీమీటర్లే తగ్గుతుంది అనుకో, 900 లీటర్లకు 180 చదరపు మీటర్ల తొట్టి కావాలి. కొత్తవాడలో అంత జాగా ఎవరికి ఉంది? అందుకే ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మీ వీధిలో అద్దేవాళ్లంతా కలిస్తే, ఒకేచోట ఉన్న చిన్న యూనిట్లకు ఇచ్చే క్లస్టర్ పథకం కింద ఉమ్మడి శుద్ధి సదుపాయం అడగొచ్చు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా అప్పుడు తేలిక.

పేరు లేని రంగు ఇవాళే ఆపు. ఒంట్లో హానికరమైన అమైన్లుగా విడిపోయే అజో రంగులు మన దేశంలో 1990లలోనే నిషేధించారు. పొట్లంలో ఏముందో నీకు తెలియదు, గాబులో చెయ్యి పెట్టేది మీ ఇంట్లోవాళ్లే.

గీసుకొండ_షిఫ్ట్

అన్నా, జాడించేది ఎవరు? తొడుగులు ఉన్నాయా వాళ్లకు? సాయంత్రం తిరిగి తీసుకోనివి.

కొత్తవాడ_మగ్గం

మా అమ్మ, ఇంకో ఇద్దరు అత్తలు. ఇప్పటిదాకా లేవక్కా. నిన్న మోచేతుల దాకా వచ్చేవి ఆరు జతలు తెచ్చాను. మా అమ్మ పడేసింది, నూలు చేతికి తెలియట్లేదని. ఒక అత్త మాత్రం వేసుకుని విప్పలేదు. ఆమె గోళ్లు ఎప్పుడూ నీలంగానే ఉంటాయి, నేను చిన్నప్పట్నుంచీ అలాగే చూశాను, అది ఆమె చేతి రంగే అనుకున్నాను.

కొత్తవాడ_మగ్గం

మూడు వారాలకు వచ్చాను, ఆలస్యానికి మన్నించండి.

జవాబు పంపాను. 84లో 51కి ఉన్నది ఉన్నట్టు రాశాను. 19కి "ఇప్పుడు లేదు, ఫలానా తేదీకి చేస్తాం" అని రాశాను. పత్తి జాడకు సంబంధించినవి, మిగతా కొన్ని "మా చేతిలో లేదు" అన్నాను, నూలు డీలర్ బిల్లుల నకళ్లు పెట్టాను. 17 కుటుంబాల పేర్లు వాళ్లను అడిగే ఇచ్చాను. చెల్లింపుల తేదీలు ఆరేళ్లవీ పెట్టాను.

వాళ్లు 60 రోజుల గడువును ఆరు నెలలు చేశారు. మోరీ గురించి రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు, ఇళ్ల మగ్గాలు చూడటానికి వస్తామన్నారు. చెల్లింపుల గురించి ఒక్క మాట లేదు. కానీ పాత బిల్లు ఒకటి 48వ రోజున పడింది. లెక్కల సార్ చెప్పినట్టు తదుపరి బిల్లు మీద ఉద్యమ్ నంబరు, 45 రోజులు అని అచ్చు వేయించాను.

రంగు నీళ్లు 900 నుంచి 560 లీటర్లకు వచ్చాయి. వీధిలో అద్దేవాళ్లు తొమ్మిది మందిమి, మొన్న ఆదివారం కూర్చుంటే ఏడుగురు వచ్చారు. ఇద్దరు మా తాతల నుంచి ఇదే మోరీ అని లేచి వెళ్లిపోయారు. వాళ్లింటికి ఈ వారం మా అమ్మను తీసుకుని పోతున్నా, ఆమె మాట కాదనరు. అన్నా, ఏడుగురితో దరఖాస్తు పెట్టొచ్చా, తొమ్మిది మందీ వచ్చేదాకా ఆగాలా?

ఆడిట్_డైరీ

ఆగొద్దు. శనివారం ఊరికి వస్తున్నా, పొద్దున పదింటికి మీ పెరట్లో కలుద్దాం. ఆ గోడ మీది బొగ్గు గీతలు చెరపకండి.